న్యూ ఆర్లీన్స్‌లో పగడాల తిరునాళ్లు

ఆగస్టు 24, 2017, గురువారం

తెల్లవారుజామున నాలుగున్నరకే డల్లాస్‌లో కారెక్కాం. స్టీరింగ్ నా చేతిలో, మాస్టారు పక్క సీట్లో, భీమవరం మిత్రుడు వెనక. మాస్టారిది వరంగల్. ఒకప్పుడు కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పేవారు, ఇప్పటికీ మా అందరికీ మాస్టారే. మా ముగ్గురినీ కలిపింది ఉప్పునీళ్లు. మూడిళ్లలోనూ హాల్లో ఒక పెద్ద గాజు ట్యాంకు, అందులో చేపలూ పగడాలూ, కింది అరలో పంపులూ గొట్టాలూ. నెలకోసారి ఎవరో ఒకరింట్లో చేరి ఉప్మా తింటూ నీటి పరీక్షల అంకెలు చెప్పుకుంటాం. కాల్షియం ఎంత, ఆల్కలినిటీ ఎంత, నైట్రేటు పెరిగిందా తగ్గిందా అన్నవి మాకు పిల్లల మార్కులంత ముఖ్యం.

వెళ్తున్నది మాక్నాకు. ఉత్తర అమెరికాలో సముద్రపు అక్వేరియాలు పెంచేవాళ్లందరూ ఏడాదికోసారి చేరే సదస్సు అది. 1989లో టొరంటోలో మొదలైంది. ఏటా ఒక్కో ఊళ్లో జరుగుతుంది. 2012లో మా డల్లాస్ సంఘమే ఆతిథ్యమిచ్చింది కానీ అప్పటికి నేనింకా ఈ దారిలోకి రాలేదు. ఈసారి న్యూ ఆర్లీన్స్‌లో, ఇరవై తొమ్మిదోది.

ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దారి. ష్రీవ్‌పోర్ట్ దాకా తూర్పుకు, అక్కడి నుంచి దక్షిణంగా లాఫియెట్‌కు, మళ్లీ తూర్పుకు. లూసియానాలో దక్షిణానికి దిగేకొద్దీ వరిచేలు కనిపించాయి. కోతలయ్యాక మళ్లలో నీళ్లు పెట్టి రొయ్యల్లాంటి క్రాఫిష్ పెంచుతారని నేను చెబితే భీమవరం మిత్రుడు కిటికీ అద్దం దించాడు. వాళ్ల నాన్నగారు పాతికేళ్లుగా రొయ్యల చెరువులు చేస్తున్నారు. "అన్నయ్యా, గట్లు మనవాటికంటే తక్కువ ఎత్తు. ఏరేటర్లు లేవు చూడు" అన్నాడు. లాఫియెట్ దాటాక అచఫలాయా చిత్తడి మీదుగా 29 కిలోమీటర్ల వంతెన. రెండు పక్కలా నీళ్లలోనే నిలబడ్డ చెట్లు. అంత పొడవునా అతను నీళ్లనే చూస్తూ కూర్చున్నాడు.

రేడియోలో మాత్రం పొద్దున్నుంచీ ఒకటే మాట, హార్వీ. గల్ఫ్‌లో తుఫాను బలపడింది, టెక్సాస్ తీరానికి వస్తోంది. హ్యూస్టన్‌లో ఉండే నాలుగో మిత్రుడు తన కారులో ఒక్కడే బయలుదేరాడు. భార్యాపిల్లలు పెళ్లికని విజయవాడ వెళ్లారు. ఇంటి తాళంచెవి పక్కింట్లో ఉండే నెల్లూరు ఆవిడకు ఇచ్చి, రోజూ చేపలకు ఎంత మేత వేయాలో చిన్న చిన్న పొట్లాలు కట్టి పెట్టి వచ్చాడు. సాయంత్రం హోటల్లో కలిసినప్పుడు మొహంలో అలసట కంటే బెంగే ఎక్కువగా ఉంది. భీమవరం మిత్రుడూ అతనూ చుట్టాలు కారు, అయినా గోదావరి అలవాటు ప్రకారం ఒకరినొకరు "బావా" అనే పిలుచుకుంటారు.

"వెనక్కి వెళ్లిపోమంటావా బావా?"

"వచ్చేశావుగా. కరెంటు ఉన్నంతవరకు ఏమీ కాదు" అన్నాడు భీమవరం మిత్రుడు. ఆ "ఉన్నంతవరకు" అన్న మాట నలుగురికీ వినిపించింది. ఎవరూ పొడిగించలేదు.

ఆగస్టు 25, శుక్రవారం

1862 నుంచి నడుస్తున్న కెఫే డు మోండ్‌లో పొద్దున్నే కాఫీ తాగాం. ఇక్కడ కాఫీలో చికోరీ కలుపుతారు. మొదటి గుక్కకే మాస్టారు కప్పు దించి "కాజీపేట జంక్షన్!" అన్నారు. అమెరికాలో ఇన్నేళ్లకు మన కాఫీకి చుట్టం లాంటి కాఫీ దొరికింది. పంచదార పొడిలో మునిగిన బెన్యేలనే వేపుడు పిండివంటలు మాత్రం నాకు తీపి ఎక్కువ.

సదస్సు హాలు తెరవడానికి ఇంకా సమయముంది. మిస్సిసిపీ ఒడ్డునే ఉన్న ఆడుబాన్ అక్వేరియానికి నడిచాం. గల్ఫ్ ఆఫ్ మెక్సికో ట్యాంకు ముందు నిలబడితే కదలబుద్ధి కాదు. నాలుగు లక్షల గ్యాలన్లు, అంటే సుమారు 15 లక్షల లీటర్ల నీళ్లు. మధ్యలో చమురు బావి స్తంభాల నమూనా, వాటి చుట్టూ సొరచేపలు, టేకుచేపలు. వెండి కంచాల్లాంటి పొలుసులున్న టార్పాన్ చేపలు అద్దానికి జానెడు దూరంలో నుంచి వెళ్తున్నాయి.

అక్కడి వాలంటీరు ఒకాయన, మేం సదస్సుకు వచ్చామని తెలిసి, అడగకుండానే 2005 సంగతి చెప్పారు. కత్రినా తుఫానుకు భవనం బాగానే తట్టుకుంది. చేపలను చంపింది గాలీ కాదు, వరదా కాదు. కరెంటు పోయింది, తర్వాత జనరేటర్ కూడా ఆగింది, సిబ్బంది ఊరు విడిచి వెళ్లాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి వేలాది చేపల్లో చాలా భాగం చచ్చిపోయి ఉన్నాయి. గాలి పీల్చే ప్రాణులు, పెంగ్విన్లూ సముద్రపు ఆటర్లూ మైడాస్ అనే పెద్ద తాబేలూ, బతికాయి. పెంగ్విన్లను కాలిఫోర్నియాలోని మాంటెరే బే అక్వేరియానికి పంపారు. మరుసటి ఏడాది వేసవి మొదట్లో, 2006 మే నెలలో, మళ్లీ తలుపులు తెరిచారు. ఇంకో నాలుగు రోజుల్లో ఆ తుఫానుకు పన్నెండేళ్లు నిండుతాయి.

వింటూ వింటూ హ్యూస్టన్ మిత్రుడు ఫోను తీసుకుని పక్కకు వెళ్లాడు. అద్దంలో అతని నీడ మీదుగా ఒక సొరచేప తిరిగి వెళ్లింది.

మధ్యాహ్నం సదస్సు హాలు. ఈ హాలును తిరునాళ్లు అనడమే నాకు సబబుగా ఉంటుంది. లోపలికి అడుగుపెట్టగానే అంతా నీలం. బల్లల నిండా లోతు తక్కువ తొట్లు, వాటిపైన నీలి దీపాలు, ఆ వెలుగులో పగడాలు తమలోంచే వెలుగు వచ్చినట్టు ఆకుపచ్చగా, నారింజగా, గులాబీగా మెరుస్తాయి. పగడం ఒంట్లోని కొన్ని ప్రొటీన్లు నీలి కాంతిని పీల్చి వేరే రంగులో వదలడం వల్ల వచ్చే మెరుపు అది. తెల్లని వెలుగులో చూస్తే అదే పగడం సాధారణంగా ఉంటుంది. కాబట్టి కొనేముందు సెల్‌ఫోన్ టార్చి వేసి చూడాలన్నది మాస్టారి పట్టు. ప్రతి బల్ల దగ్గరా అడిగి మరీ వేయించారు.

అమ్మేవి పూర్తి పగడాలు కావు, ఫ్రాగ్‌లు. తల్లి పగడం నుంచి కత్తిరించిన బొటనవేలి గోరంత ముక్కను చిన్న సిరామిక్ బిళ్ల మీద జిగురుతో అంటిస్తారు. కొన్ని వారాల్లో ముక్క అంచు కరిగిన మైనంలా బిళ్ల మీదికి పాకుతుంది, ఆ తర్వాత పైకి కొమ్మలు వేస్తుంది. ఒక బల్ల దగ్గర కత్తిరించడం దగ్గరుండి చూశాం. అమ్మే ఆమె చేతులకు గ్లవ్స్ తొడుక్కుని, ఆకుపచ్చ అక్రొపోరా పగడాన్ని నీళ్లలోంచి తీసి, ఎముకలు కోసే కత్తెరలాంటి దానితో ఒక కొమ్మను పట్టుకుంది. "టక్" మంది, అప్పడం విరిచినట్టు. విరిగినచోట తెల్లటి సున్నపు ఎముక, దాని చుట్టూ కాగితమంత మందాన పచ్చటి జీవం. వెంటనే సన్నటి జిగట కారింది. గాయమైందని పగడం వదిలే జిగట అది. సూపర్ గ్లూ చుక్క వేసి, బిళ్ల మీద నొక్కి, నీళ్లలో ముంచి వేళ్లతో పదిదాకా లెక్కపెట్టింది. అయిపోయింది. మా నలుగురి ముందే నాలుగు కొమ్మలు విరిచింది. తలా ఒకటి తీసుకున్నాం.

ఎందుకు తలా ఒకటి అంటే, మాలో ఇదొక పాత కట్టుబాటు. మూడేళ్ల కిందట నా ట్యాంకులో హీటరు చెడిపోయి, నీళ్లు వేడెక్కి, ఊదారంగు పగడం రెండు రోజుల్లో ఎముకగా మిగిలింది. దాని ముక్కను అంతకుముందే హ్యూస్టన్ మిత్రుడికి ఇచ్చి ఉన్నాను. అతను దాన్ని పెంచి, మళ్లీ ముక్క తెచ్చి నాకిచ్చాడు. మా అమ్మ ఫోనులో విని "తోడు పెరుగు లాగే కదరా" అంది. మనింట్లో పెరుగు విరిగిపోయిన రోజు పక్కింటికి గిన్నె పట్టుకెళ్తాం. వాళ్లింట్లో ఉన్నదీ ఒకప్పుడు మనం ఇచ్చిన తోడే. దశాబ్దాల కిందట ఎవరో ఇంట్లో పెంచిన పగడం ఇవాళ వందల ఇళ్లలో ఉండటం ఇలాగే. ఆ ముక్కల కోసం మళ్లీ సముద్రంలో సుత్తి దించాల్సిన పని లేదు.

మన దగ్గర గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. విశాఖలో మా ఇంట్లో ఇలాంటి ట్యాంకు పెట్టుకునే వీలు లేదు. అది సరైన చట్టమనే నా నమ్మకం. ఇక్కడ పెంచుతున్నవాడిని కాబట్టే, ఎక్కడిదో తెలియని ముక్కను నేను కొనను.

రాత్రి హార్వీ టెక్సాస్‌లోని రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది. నాలుగో శ్రేణి తుఫాను.

ఆగస్టు 26, శనివారం

పొద్దున్నుంచి ఉపన్యాసాలు. నాకు అన్నిటికంటే నచ్చింది చేపపిల్లల పెంపకం గురించి చెప్పినది. క్లౌన్‌చేపలను ట్యాంకుల్లో పుట్టించడం 1970ల నుంచే ఉంది. వాటి పిల్లలు పుట్టగానే రోటిఫర్లు అనే సూక్ష్మజీవులను తింటాయి, అవి పెంచుకోవడం తేలిక. పసుపు టాంగ్ చేప అలా కాదు. దాని పిల్లకు నోరు చాలా చిన్నది, కోపిపాడ్‌లనే బుల్లి నీటిజీవుల పిల్లలు తప్ప వేరేవి పట్టవు. హవాయీలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏళ్ల తరబడి ప్రయత్నించి 2015లో గెలిచారు. మరుసటి ఏడాదే ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో నీలి టాంగ్‌ను కూడా పెంచారు. తెరమీద ఆ పిల్లల బొమ్మ చూపించారు. గాజుముక్కలా పారదర్శకంగా ఉంది, వెనక ఉన్న కొలబద్ద గీతలు కనిపిస్తున్నాయి. నా పక్కన భీమవరం మిత్రుడు ముందుకు వంగి, నోట్సు రాయడం మానేసి చూస్తున్నాడు. వాళ్ల ఊళ్లో సీడు హేచరీల నుంచి లారీల్లో వస్తుంది. ఒక్కో పిల్లను బతికించడానికి ఎంతమంది నిద్ర మానుకుంటారో అతనికి తెలుసు.

బంగాయి కార్డినల్ చేప గురించి కూడా మాట వచ్చింది. ఇండోనేషియాలో బంగాయి దీవుల చుట్టూ మాత్రమే సహజంగా ఉండే చేప. మగచేప గుడ్లను నోట్లో పెట్టుకుని, పొదిగి, పిల్లలు ఈదేదాకా మూడు నాలుగు వారాలు ఏమీ తినకుండా మోస్తుంది. విపరీతంగా పట్టడం వల్ల 2007లోనే అంతరించే ప్రమాదమున్న జాబితాలోకి చేరింది. ఇంట్లో సులభంగా పిల్లలు పెట్టే చేపను సముద్రం నుంచి పట్టుకురావడం నాకు మింగుడుపడని విషయం. కొంచెం ధర ఎక్కువైనా ఇళ్లలో పుట్టినవే కొంటామని మేము నలుగురం ఆ కుర్చీల్లోనే అనుకున్నాం.

ఫ్లోరిడా పగడపు దిబ్బల పునరుద్ధరణ గురించి వింటున్నప్పుడు మాస్టారు నా మోచేతిని తట్టారు. కీ లార్గోలో కెన్ నెడిమయర్ అనే ఆయన అక్వేరియాల కోసం రాళ్లను సముద్రంలో ఉంచి, వాటి మీద జీవం పట్టేలా పెంచేవారు. ఆ రాళ్ల మీద వాటంతట అవే లేత స్టాగ్‌హార్న్ పగడాలు వచ్చి అంటుకున్నాయి. వాటిని ముక్కలు చేసి, పెంచి, చచ్చిన దిబ్బల మీద జిగురుతో అంటించడం మొదలుపెట్టారు. అందులోంచే 2007లో కోరల్ రెస్టరేషన్ ఫౌండేషన్ పుట్టింది. నిన్న మేము బల్ల దగ్గర చూసిన కత్తెర, జిగురు, వేళ్లతో పది లెక్కపెట్టడం, అదే పని సముద్రం అడుగున.

సాయంత్రం విందు. పెద్ద హాలు, గుండ్రని బల్లలు, బహుమతులు. నిజం చెప్పాలంటే నాకు దానిలో గుర్తున్నది తక్కువ.

రాత్రి పదకొండు నలభైకి ఫోను మోగింది. హ్యూస్టన్‌లో వాన తెరలు తెరలుగా పడుతోంది, పదకొండింటికి వీధంతా కరెంటు పోయింది. నెల్లూరు ఆవిడ తన పదేళ్ల కొడుకుతో వీళ్లింట్లోకి వచ్చి వీడియో కాల్ చేశారు. చీకట్లో ఆమె టార్చి వెలుగు నీటి మీద పడింది. 680 లీటర్ల ట్యాంకు, పద్నాలుగు చేపలు. బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు దానంతట అదే మొదలైంది, మూల నుంచి బుడగలు వస్తున్నాయి. కానీ చప్పుడు నీరసంగా ఉంది. బ్యాటరీలు వేసి ఏడాది దాటిందట.

"తమ్ముడూ, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి" అన్నారామె.

భీమవరం మిత్రుడు మంచం మీద నుంచి లేచి ఫోను తీసుకున్నాడు. ఆ స్వరం నేనెప్పుడూ వినలేదు, గట్టు మీద నిలబడి కూలీలకు చెబుతున్నట్టు నెమ్మదిగా, స్పష్టంగా. "అక్కా, కంగారు పడకండి. మా చెరువుల్లో రొయ్యలు ఇలాగే తేలతాయి. ముందు మూత తీసేయండి. మేత ఒక్క గింజ వేయొద్దు. లైట్లవీ, నురగతో మురికి తీసే స్కిమ్మరుదీ ప్లగ్గులు పీకేయండి. మీ చేతిలో టార్చి లావు బ్యాటరీలదేనా? అవి తీసి పంపులో వేయండి. ఇప్పుడు చెంబుతో నీళ్లు ముంచి, మూరెడు ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పోయండి. నురగ రావాలి. పావుగంట పోసి పావుగంట ఆగండి."

ఉప్పునీళ్లలో మంచినీళ్లకంటే ఆక్సిజన్ తక్కువే కరుగుతుంది, నీళ్లు వెచ్చబడేకొద్దీ ఇంకా తగ్గుతుంది. నీటిపైభాగం కదిలితేనే గాలి లోపలికి వెళ్తుంది. మా నలుగురికీ తెలిసిన సంగతే. కానీ అర్ధరాత్రి వానలో ఇంకొకరి ఇంట్లో అది చేయగలిగిన చేతులు ఆ తల్లీకొడుకులవి.

మాస్టారు మాత్రం ఫోను దగ్గరికి వంగి ఒకటే చెప్పారు. "అమ్మా, నీళ్లు గడప దాకా వస్తే చేపలను వదిలేసి మీ ఇంటికి వెళ్లి మేడెక్కండి. ఇంకో ఆలోచన వద్దు."

"అవును అక్కా, వదిలేయండి" అన్నాడు హ్యూస్టన్ మిత్రుడు. ఆ క్లౌన్‌చేపల జంట అతని దగ్గర పదకొండేళ్లుగా ఉంది, పెద్దకూతురి కంటే ముందు ఇంటికి వచ్చినవి.

రాత్రంతా గంటకోసారి ఫోను. మధ్యలో భీమవరం మిత్రుడు వాళ్ల నాన్నగారి సంగతి చెప్పాడు. కరెంటు పోయిన రాత్రి డీజిల్ ఇంజను తాడు లాగుతూ, పట్టుకోకపోతే గట్టు మీదే కూర్చుండిపోయేవారట. ఇతనికి అప్పుడు పన్నెండేళ్లు. నీళ్లను కాళ్లతో తన్నమని చెప్పేవారట. తెల్లవారేదాకా తన్నాడట. నాలుగు యాభైకి ఫోను తెరమీద ఒక్కసారి గది వెలిగింది. పంపులు బుసకొడుతూ మొదలయ్యాయి. అబ్బాయి చేతిలో ఇంకా చెంబు ఉంది.

ఆగస్టు 27, ఆదివారం

మూడు చిన్న క్రోమిస్ చేపలు చచ్చిపోయాయి. మిగిలినవన్నీ బతికాయి. క్లౌన్‌చేపలు తాము దాక్కునే యానిమొన్ అనే పువ్వులాంటి జీవిలోకి తిరిగి వెళ్లాయని నెల్లూరు ఆవిడ ఫొటో పంపారు. వీధిలో నీళ్లు మెట్టు దాకా వచ్చి ఆగాయి. అటువైపు రోడ్లు మునిగిపోయాయి, విమానాశ్రయాలు మూతపడ్డాయి. అతను ఇంటికి వెళ్లే దారి లేదు. మాతో డల్లాస్ వచ్చేస్తానన్నాడు.

హాల్లో ఆఖరి రోజు. నిద్రలేని కళ్లతో తిరిగాం. టెక్సాస్ నుంచి వచ్చినవాళ్లను గుర్తుపట్టడం తేలిక, అందరూ ఫోనుల్లో ఉన్నారు. ఆకుపచ్చ పగడం అమ్మినామె మమ్మల్ని గుర్తుపెట్టుకుని మరీ అడిగింది. సంగతి విని, బల్ల కింద నుంచి కొత్త గాలిపంపు ఒకటి తీసి హ్యూస్టన్ మిత్రుడి చేతిలో పెట్టింది. డబ్బు తీసుకోలేదు.

ఆగస్టు 28, సోమవారం

రెండు కార్లలో బయలుదేరాం. ఫ్రాగ్‌లు ఒక్కొక్కటీ ఒక్కో సంచిలో, సంచులన్నీ థర్మోకోల్ పెట్టెలో, పెట్టె మాస్టారి కాళ్ల దగ్గర. వాన ఆగకుండా పడుతోంది. బేటన్ రూజ్ దాటాక రోడ్డు మీద మాతోపాటు ట్రక్కులు, వాటి వెనక ట్రైలర్ల మీద చేపల పడవలు. ఒకటీ రెండూ కాదు, వరుసగా. లూసియానా వాళ్లు, ఎవరూ పిలవకుండానే, సొంత పడవలతో హ్యూస్టన్ వరదల్లోంచి జనాన్ని బయటికి తెచ్చేందుకు వెళ్తున్నారు. కత్రినా తర్వాత వీళ్లకు కేజన్ నేవీ అని పేరు వచ్చింది. లాఫియెట్‌లో మేము ఉత్తరానికి తిరిగాం, పడవలు పడమటికి సాగిపోయాయి. భీమవరం మిత్రుడు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు. వానలో వాళ్లకు కనిపించిందో లేదో.

రాత్రి ఇల్లు చేరగానే నిద్రకు ముందు పగడాల పని. సంచులు అరగంట నీళ్ల మీద తేల్చి, మందునీళ్లలో ముంచి తీసి, భూతద్దంతో కింది అంచులన్నీ వెతికాం. అక్రొపోరాను తినే చదునుపురుగు గుడ్లు అక్కడే గోధుమరంగు చుక్కల్లా ఉంటాయి. ఏమీ లేవు. నా ఫ్రాగ్‌నూ హ్యూస్టన్ మిత్రుడి ఫ్రాగ్‌నూ పక్కపక్కన ఒకే రాతి మీద పెట్టాను.

అతను మరుసటి శనివారం హ్యూస్టన్ వెళ్లాడు. ట్యాంకు నీళ్లు కుదుటపడేదాకా కొత్తది పెట్టకూడదని తన ఫ్రాగ్‌ను నా దగ్గరే వదిలాడు. అక్టోబరు మధ్యలో దానికోసం వచ్చాడు. అప్పటికి అది బిళ్ల దాటి రాతి మీదికి పాకింది. ఎంత మెల్లగా కదిపినా రాలేదు. కత్తెర తెచ్చి సగానికి విరిచాం. ఒక సగం సంచిలో అతని వెంట వెళ్లింది. అందులోంచి ఇంకో ముక్క, నెల్లూరు ఆవిడ కొడుకు చిన్న ట్యాంకు మొదలుపెట్టాడట, అతనికి.